గోల్డ్‌ఫించ్ నవల: 300 పేజీల దగ్గర ఆగిపోయాను, ముందుకెళ్ళమంటారా?

చెరువుగట్టు:
డోనా టార్ట్ రాసిన "ది గోల్డ్‌ఫించ్" మూడు నెలలుగా నా తలగడ పక్కనే ఉంది. 770 పేజీల పైచిలుకు. పడుకుని చదివితే చేతులు పడిపోతున్నాయి. మొదటి 200 పేజీలు మాత్రం రెండు రాత్రుల్లో అయిపోయాయి. పదమూడేళ్ళ థియో, వాళ్ళమ్మ. స్కూల్లో వాడి మీద కంప్లైంటు ఉంటే మాట్లాడడానికి బయల్దేరతారు, వాన పడుతోందని మెట్రోపాలిటన్ మ్యూజియంలోకి దూరతారు, అక్కడ బాంబు. వాడు గోల్డ్‌ఫించ్ అనే పిట్ట పెయింటింగు ఒకటి అక్కణ్ణుంచి పట్టుకుని ఇంటికొచ్చి, అమ్మ వచ్చేస్తుందని కూర్చుంటాడు చూడండి, ఆ భాగం చదువుతూ నేను లేచి మా అమ్మకి ఫోన్ చేశాను. రాత్రి పదకొండింటికి. ఏమైందోనని ఆవిడకి టెన్షన్.

వాళ్ళ నాన్న వచ్చి వాణ్ణి లాస్ వేగాస్ తీసుకెళ్ళాక కథ బండి ఇసుకలో దిగబడిపోయింది. వాడూ, బోరిస్ అని ఇంకో కుర్రాడూ తాగడం, వాంతులు చేసుకోవడం, కొట్లో తిండి దొంగిలించడం, మళ్ళీ తాగడం. వంద పేజీలు ఇదే వరస. తల్లి పోయిన పిల్లాడి కథ చెప్తానని బండెక్కించుకుని సగం దారిలో దించేసినట్టుంది. ముందుకెళ్ళమంటారా? ఆడియోబుక్ అయితే తేలికా? తెలుగులో ఇలాంటిది, అంటే చిన్నప్పుడు పోయిన మనిషిని పెద్దయ్యేదాకా మోసే నవల ఏదైనా ఉందా?

పుస్తకాలపురుగు86:
వేగాస్ దగ్గర ఆగిపోయారా, అయ్యో రామా! పుస్తకం అంతా అక్కడే ఉందండీ. ఊరి చివర సగం కట్టి వదిలేసిన కాలనీ, ఇళ్ళన్నీ ఖాళీ, వీధిలోకి ఇసుక కొట్టుకొస్తుంటుంది. ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ తల్లి లేదు, ఇద్దరి నాన్నలకీ పట్టదు. ఇంకేం చేస్తారు, భజన చేస్తారా? బోరిస్ వాణ్ణి పేరు పెట్టి పిలవడు, కళ్ళజోడు చూసి "పాటర్" అంటాడు. నాకు ఈ పుస్తకంలో అందరికన్నా వాడే ఇష్టం. ఆ బొమ్మని వాడే కొట్టేసి, దాని బదులు స్కూలు పుస్తకం చుట్టిపెట్టాడని తెలిశాక కూడా!

చెరువుగట్టు:
300వ పేజీలో ఉన్నానని పైనే రాశాను కదండీ.

పుస్తకాలపురుగు86:
అయ్యయ్యో, సారీ. అయినా అది 2013లో వచ్చిన పుస్తకం. సినిమా కూడా 2019లో వచ్చి పోయింది.

సీతమ్మధార:
2013లో వస్తే? మహాభారతం ఎప్పటిది? అయినా మా బాబుకి చెప్పేటప్పుడు అభిమన్యుడు ఏమవుతాడో ముందే చెప్పెయ్యను. వాడు రేపు పడుకునే ముందు అడుగుతాడు, అప్పుడు చెప్తాను. చదువుతున్న మనిషి నోట్లో మట్టి కొట్టి "పాత పుస్తకం" అంటే ఎలాగండీ.

పుస్తకాలపురుగు86:
సారీ చెప్పాను కదా మేడమ్. కాళ్ళు పట్టుకోమంటారా?

నిర్వాహకుడు:
ఇద్దరూ వదిలెయ్యండి. కథ బయటపెట్టేవాళ్ళు ముందు ఒక లైను హెచ్చరిక రాయండి. చెరువుగట్టు గారూ, ఆ పోస్టు తీసెయ్యమంటారా?

చెరువుగట్టు:
చదివేశాక తీస్తే ఏం లాభం. ఉండనివ్వండి.

కృష్ణలంక:
ఈ పుస్తకం మీద నేను ఒక నోట్‌బుక్కు నిండా నోట్సు రాసుకున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, మీరెవరూ అసలు విషయంలోకి రావట్లేదు. అసలు విషయం ఆ బొమ్మ. వేసినవాడు కారెల్ ఫాబ్రిటియస్, డచ్ చిత్రకారుడు, రెంబ్రాంట్ శిష్యుడు. 1654లో వేశాడు. అదే ఏడాది అక్టోబరు 12న డెల్ఫ్ట్ ఊళ్ళో మందుగుండు గోదాము పేలిపోయి 32 ఏళ్ళకే చచ్చిపోయాడు. ఆయన బొమ్మలు మిగిలినవి డజను వరకే. పేలుడులో పోయిన మనిషి బొమ్మ ఇంకో పేలుడులోంచి బయటపడడం, అదీ నవలకి ఇరుసు. తెలియకపోతే 300 పేజీల దగ్గరే ఆగిపోతారు మరి.

నేను హేగ్ నగరంలో మారిట్స్‌హౌస్ మ్యూజియంకి వెళ్ళి దాన్ని కళ్ళారా చూశాను. మన ఏ4 కాగితం కన్నా ఒక వేలెడు పెద్దది, అంతే. పిట్ట కాలికి సన్నటి గొలుసు. దగ్గరికెళ్తే రెక్క మీద పసుపు ఒకే ఒక్క దెబ్బలో వేసినట్టు కనిపిస్తుంది, రెండడుగులు వెనక్కొస్తే ఈక. నేను ఇరవై నిమిషాలు కదల్లేదు.

పుస్తకాలపురుగు86:
ఇరవై నిమిషాలు మీ వెనకాల నిలబడ్డవాళ్ళని తలుచుకుంటే జాలేస్తోంది.

గోస్తనీ:
తెలుగులో దీనికి పేరేం పెడతారు? "బంగారు పిచ్చుక" అంటే పిల్లల కథలా ఉంది. ఆ పిట్టకి దాహమేస్తే గిన్నెలోంచి నీళ్ళు తోడుకోవడం నేర్పేవారట, డచ్చివాళ్ళు దాన్ని "నీళ్ళు తోడేది" అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. మన గిజిగాడికి కూడా బావిలో పడేసిన ఉంగరం తెచ్చే విద్య నేర్పేవారని పక్షుల పుస్తకాల్లో ఉంది. అందుకని "గిజిగాడు" అంటే?

కృష్ణలంక:
గిజిగాడు గూడు అల్లే పక్షి. గోల్డ్‌ఫించ్ అది కాదు. "గిజిగాడు" అనగానే బడి చదువుకున్న ఎవరికైనా జాషువా పద్యమే గుర్తొస్తుంది, న్యూయార్కు కాదు. అనువాదం మీద నేను వర్క్‌షాపుల్లో మాట్లాడాను, ఇది మొదటి పాఠం.

గోస్తనీ:
మొదటి పాఠం విన్నాం. మరి పేరేదీ?

కృష్ణలంక:
"గోల్డ్‌ఫించ్" అనే ఉంచాలి.

గోస్తనీ:
దీనికి వర్క్‌షాపు కావలసొచ్చిందా అన్నా.

నిడదవోలు జంక్షన్:
చెరువుగట్టు గారు అడిగిన ప్రశ్నకే వస్తాను. మొదటి భాగం నచ్చిందన్నారు కదా, ఎందుకు నచ్చిందో నాకు తెలుసు. నాకు ఇంటర్ సెకండియర్లో నాన్న పోయారు. హాస్టల్లో ఉన్నాను. రాత్రి భోజనాల వేళ మావయ్య వచ్చి "నాన్నకి కొంచెం నలతగా ఉందిరా, రెండు జతలు బట్టలు పెట్టుకో" అన్నాడు. బస్టాండులో నాకు పల్లీలు కొనిపెట్టాడు. మావయ్య ఎవరికీ ఏదీ కొనిపెట్టే మనిషి కాదు. ఆ పొట్లం చేతిలో పెట్టినప్పుడే నాకు తెలిసిపోయింది. అయినా తెలియనట్టే కూర్చున్నాను, కిటికీ పక్కన, ఒక్కో కాయా వొలుచుకుంటూ. అవి అయిపోతే ఏదో అడగాల్సొస్తుందని మెల్లిగా తిన్నాను. తెల్లారుజామున మా వీధి మలుపు తిరిగేసరికి ప్లాస్టిక్ కుర్చీలు కనిపించాయి. పొట్లంలో ఇంకా నాలుగు మిగిలే ఉన్నాయి.

థియో ఇంట్లో కూర్చుని అమ్మ వస్తుందని లెక్కలు వేసుకుంటాడే, అది రాయడం అందరి వల్లా కాదు. వాడికి తెలుసు, తెలియనట్టు ఉంటాడు. తర్వాత, నన్ను పెద్దకర్మ అవగానే హాస్టల్లో దింపేశారు. పరీక్షలు కదా. అందరూ "మగపిల్లాడివి, అమ్మకి నువ్వే ధైర్యం చెప్పాలి" అన్నారు. నేను రెండేళ్ళు క్రికెట్ బెట్టింగులో పడి అమ్మ గాజులు తాకట్టు పెట్టాను. అందుకని వేగాస్ నాకు బోరు కొట్టలేదు. నాన్న లేని ఇంట్లో నా బుర్ర ఎలా ఉండేదో అక్కడ కనిపించింది.

మెతుకుసీమ:
నాకు ఈ పుస్తకం మీద మొదట్నుంచీ ఒకటే అభ్యంతరం. తల్లి పోతే పిల్లాణ్ణి పార్క్ అవెన్యూలో డబ్బున్నవాళ్ళు ఇంట్లో పెట్టుకుంటారు. తర్వాత పాత సామాను షాపు పెద్దాయన పెట్టుకుంటాడు. కాలేజీకి డబ్బు బ్యాంకులో మూలుగుతుంటుంది. మన దగ్గర తల్లి పోయిన పిల్లాడు టిఫిన్ సెంటర్లో గ్లాసులు కడుగుతాడు, వాడి మీద 770 పేజీలు ఎవరు రాస్తారు?

నిడదవోలు జంక్షన్:
అన్నా, ఆ బ్యాంకులో డబ్బు కోసమే వాడి సొంత తండ్రి వాణ్ణి కొట్టి లాయరుకి ఫోన్ చేయిస్తాడు. అది చదివారా? డబ్బున్నంత మాత్రాన ఏడుపు తగ్గుతుందా?

మెతుకుసీమ:
తగ్గుతుందనలేదు తమ్మీ, కుదురుగా కూర్చుని ఏడవడానికి చోటు దొరుకుతుంది అంటున్నా. నీ మాట కొట్టెయ్యట్లేదు, నువ్వు రాసింది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టిన. కానీ వాడు పెద్దయ్యాక ఏం చేస్తాడు? తనని సాకిన ఆ షాపు పెద్దాయన హోబీ అతుకులేసిన ఫర్నిచర్‌ని అసలు పాతది అని చెప్పి అమ్ముతాడు. దొంగ. రచయిత్రి వాణ్ణి ముద్దు చేస్తుంది.

ఫ్రిస్కో బాబాయ్:
అక్కడే నేను పుస్తకం విసిరి కొట్టాను! మూడేళ్ళ కిందట ఇండియా వచ్చినప్పుడు ఒక షాపులో "వందేళ్ళ నాటి పందిరి మంచం" అని చూపించారు. 1,80,000 రూపాయలు. ఓడలో టెక్సాస్ రప్పించుకోవడానికి దాదాపు అంతే. మొదటి చలికాలం ఇంట్లో హీటర్ వేసేసరికి టప్పున శబ్దం. చూస్తే కోడు నిలువునా చీలింది. లోపల తెల్లగా కొత్త కర్ర! పైన మాత్రం నల్లటి పాలిష్. మా ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ "మా ఆయన వందేళ్ళ మంచం" అని చూపిస్తుంది. థియో లాంటివాళ్ళని జైల్లో వెయ్యాలి, నవలలు రాయడం కాదు.

వడ్రంగి వారి అబ్బాయి:
బాబాయ్ గారూ, కోపం తెచ్చుకోకండి, తప్పు మీది. మా నాన్న రాజమండ్రిలో నలభై ఏళ్ళు చిత్రిక పట్టాడు, నేనూ ఆ పనిలోనే పెరిగాను. మంచం కొనేముందు కింద పడుకుని చూశారా? పైన ఎవరైనా పాలిష్ కొడతారు. పట్టె లోపలివైపు, కోడు అడుగుభాగం చూడాలి. చేత్తో కోసిన కర్ర మీద రంపం గీతలు తిన్నగా, కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. గుండ్రటి రంపం మిషన్లో కోసింది అయితే వంపు గీతలు. రంగు కోసం టీ డికాషన్, పర్మాంగనేట్ పూస్తారు, అవి మూలల్లోకి సరిగ్గా దిగవు.

ఇంకోటి. పాతదని నమ్మించడానికి మేకుతో పుచ్చు బెజ్జాలు కొడతారు. నిజం పుచ్చుకి పైన గుండ్రటి బెజ్జమే కనిపిస్తుంది, పురుగు దారి లోపల ఉంటుంది. ఆ దారి కాలవలాగా పైకే కనిపిస్తే, పాత దూలాన్ని కోసి కొత్తగా చేశారన్నమాట. ఇక మీరు తెల్లకర్ర అన్నారు, అంటే చేవ లేని పైభాగం. చేవ ఉన్న టేకు అంత తేలిగ్గా చీలదు.

నవల్లో హోబీ థియోకి చెప్పేది కూడా ఇదే. నిజంగా వాడిన వస్తువు అంతటా ఒకేలా అరగదు. కిటికీ వైపు వెలిసిపోతుంది, చెయ్యి పడే చోట నున్నబడుతుంది. అన్ని వైపులా సమానంగా అరిగిందంటే ఎవడో కూర్చుని అరగదీశాడు. ఆ పేజీ మా నాన్నకి చదివి వినిపించాను, "ఆవిడ ఎవరి దగ్గర పని నేర్చుకుంది" అని అడిగాడు.

ఫ్రిస్కో బాబాయ్:
తప్పు నాదా? డబ్బు నాది, మోసం వాడిది, తప్పు నాదా? మీ వాళ్ళందరూ ఇంతేనా?

వడ్రంగి వారి అబ్బాయి:
"మీ వాళ్ళు" ఏంటి సార్. మాట జాగ్రత్త. ఆ మంచం చేసిన వడ్రంగికి రోజు కూలి ముట్టి ఉంటుంది. లక్షా ఎనభై వేలు తీసుకున్నది షాపువాడు. హోబీ అయినా అంతే, పాత ముక్కలు కలిపి సరదాకి కట్టుకుంటాడు, అసలు పాతదని ఎక్కడా చెప్పడు. చెప్పి అమ్మేది థియో. చేసినవాడూ అమ్మినవాడూ ఒకటి కాదు. మీరు పుస్తకం విసిరి కొట్టకుండా చివరిదాకా చదివుంటే, వాడు తిరిగి ఊళ్ళు పట్టుకుని ఆ సామానంతా వెనక్కి కొంటాడని తెలిసేది.

చెరువుగట్టు:
ఇదీ చెప్పేశారా.

సీతమ్మధార:
చెరువుగట్టు గారూ, మీరు ఈ థ్రెడ్ మూసేసి పుస్తకం తెరవండి, అదే క్షేమం.

ఫ్రిస్కో గారూ, మీకు ఒక మాట. మీరు కొన్నది నకిలీ కాబట్టి బాధ. నేను అసలుదే అమ్మేశాను. మా అమ్మమ్మ పందిరి మంచం. అమ్మమ్మ పోయిన నెలకి మావయ్యలు ఇల్లు ఖాళీ చేస్తూ "అపార్ట్‌మెంటులో పట్టదు, నువ్వు తీసుకుంటావా" అన్నారు. నాకూ పట్టదు. పన్నెండు వేలకి ఒకాయన ఆటోట్రాలీలో వేసుకుపోయాడు. తలవైపు పట్టె మీద అమ్మమ్మ రోజూ పొద్దున్న లేస్తూ పట్టుకునే చోటు ఉండేది. అక్కడ పాలిష్ లేదు, అద్దంలా నున్నగా, కొంచెం గుంటపడి ఉండేది. పైన వడ్రంగి అబ్బాయి రాసింది చదివాక ఆ చోటు వేళ్ళకి తగిలినట్టైంది. ఎవరింట్లో ఉందో. బహుశా దానిమీద కొత్త పాలిష్ కొట్టేసి ఉంటారు.

ఫ్రిస్కో బాబాయ్:
అమ్మా, అలా రాస్తే నేనేం అనను. "మీ వాళ్ళు" అన్నది నిజంగా షాపులవాళ్ళని, కులం కాదు బాబూ. అయినా తప్పే. వెనక్కి తీసుకుంటున్నా.

వడ్రంగి వారి అబ్బాయి:
సరే సార్.

కృష్ణలంక:
ఫర్నిచర్ చర్చ అయిపోయిందా? జేమ్స్ వుడ్ లాంటి విమర్శకుడు న్యూయార్కర్ పత్రికలో ఇది పిల్లల సాహిత్యం బాపతు అని ఉతికి ఆరేశాడు. అయినా 2014లో పులిట్జర్ బహుమతి వచ్చింది. స్టీఫెన్ కింగ్ ఆకాశానికెత్తాడు. ఈవిడ 1992లో ఒకటి, 2002లో ఒకటి, 2013లో ఇది, ఇరవై ఏళ్ళల్లో మూడే నవలలు రాసింది. అంత తీరిగ్గా చెక్కిన వాక్యాలు. కాకపోతే ఆమ్‌స్టర్‌డామ్‌లో తుపాకీ కాల్పులు నాకూ నచ్చలేదు, మన డబ్బింగ్ సినిమాలా ఉంది. చివరి ఇరవై పేజీల ఉపన్యాసం కూడా ఎవరో ఒకరు ఆవిడకి కత్తిరించమని చెప్పాల్సింది.

గోస్తనీ:
మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నాను, భయంగా ఉంది. కానీ ఆమ్‌స్టర్‌డామ్ హోటల్లో కల మాత్రం కత్తిరించకూడదు. అద్దంలో చూస్తుంటే వెనకాల అమ్మ వచ్చి నిలబడుతుంది. నవలంతా వాడు అమ్మ కోసం వెతుక్కుంటాడు, కలలోకి కూడా రాదు, వచ్చేది అక్కడే. నేను ఆ పేజీ మూడుసార్లు చదివాను. ఆ పక్కనున్న కాల్పులన్నీ మర్చిపోయాను.

మెతుకుసీమ:
తెలుగులో ఏదైనా ఉందా అని అడిగినారు, ఎవరూ పట్టించుకోలే. బుచ్చిబాబు "చివరకు మిగిలేది" చదవండి. తల్లి మీద లోకం వేసిన మచ్చ దయానిధిని ఎక్కడికెళ్ళినా వెంటాడుతుంది.

పుస్తకాలపురుగు86:
అది దుఃఖం నవల కాదండీ. దయానిధికి తల్లి పోయిన బాధకన్నా ఆడవాళ్ళెవరూ సరిగ్గా ప్రేమించట్లేదన్న బాధ ఎక్కువ.

మెతుకుసీమ:
ఎన్నేళ్ళప్పుడు చదివినవు?

పుస్తకాలపురుగు86:
డిగ్రీలో.

మెతుకుసీమ:
మళ్ళీ చదువు. డిగ్రీలో అందరికీ కోమలి, అమృతమే కనపడతారు.

నిడదవోలు జంక్షన్:
😂 నాకూ అంతే జరిగింది. నాన్న పోయాక మళ్ళీ చదివితే వేరే పుస్తకం.

చెరువుగట్టు:
అందరికీ నమస్కారం. నిన్న రాత్రి మళ్ళీ పట్టుకున్నాను. కుక్కపిల్లని సంచీలో దాచుకుని వాడు వేగాస్ నుంచి న్యూయార్కుకి బస్సులో వెళ్తున్నాడు, 390లో ఉన్నాను. ఆ బస్సు చదువుతున్నంతసేపూ నిడదవోలు గారి పల్లీల పొట్లమే కళ్ళముందు ఉంది. బోరిస్ ఏం చేశాడో ముందే తెలిసిపోయింది కాబట్టి, వాడు వీడికి వీడ్కోలు చెప్పే చోట నాకు కడుపులో తిప్పింది. ఏదో చెప్పాలని నోటిదాకా వచ్చి చెప్పడు చూడండి. తెలియకపోతే ఆ ముక్క దాటేసేవాణ్ణి. పురుగు గారికి థాంక్స్ చెప్పాలా తిట్టాలా తెలియట్లేదు.

ఆడియోబుక్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

పుస్తకాలపురుగు86:
32 గంటల పైచిలుకు. డేవిడ్ పిట్టు చదివాడు. బోరిస్ యాస కోసమైనా వినాలి. నేను రోజూ ఆఫీసు బస్సులో విన్నాను, నెలన్నర పట్టింది. ఒకసారి నా స్టాపు దాటి రెండు స్టాపులు వెళ్ళిపోయాను. తిట్టుకోవచ్చు, పర్లేదు.

ఫ్రిస్కో బాబాయ్:
వడ్రంగి వారి అబ్బాయ్, ఒక సాయం. చీలిన కోడు అతికించవచ్చా, మొత్తం మార్చాలా? ఇక్కడ కార్పెంటర్‌ని అడిగితే గంటకి ఎంతో చెప్పి భయపెట్టాడు.

వడ్రంగి వారి అబ్బాయి:
చీలిక కూసం దాకా, అంటే పట్టె కోడులోకి దూరే చోటు దాకా వెళ్ళిందా, మధ్యలో ఆగిందా అన్నదాన్ని బట్టి ఉంటుంది సార్. మధ్యలో ఆగితే బంక పోసి బిగిస్తే సరిపోతుంది, ఎండాకాలం దాకా ఆగి చెయ్యండి. ఈలోపు దానిమీద ఎవరినీ కూర్చోనివ్వకండి. పగటి వెలుతురులో, కిందనుంచి పైకి రెండు ఫొటోలు పెట్టండి. ఫ్లాష్ వెయ్యొద్దు.